నరసమ్మ మామ్మ రాచ్చిప్ప

చింతపండు రుద్దిన ఇత్తడికి ఒక వాసన ఉంటుంది. చేతులకు పట్టిందంటే సబ్బుతో కడిగినా ఓ పట్టాన వదలదు. నిన్న మధురవాడలో మా స్టూడియోలో కొత్తగా కొన్న ఇత్తడి పళ్ళెం తోముతుంటే ఆ వాసనే వచ్చింది. స్టూడియో అని గొప్పగా అంటాను గానీ, అది మా ఇంట్లో రెండో పడగ్గది. పళ్ళెం పక్కన పెట్టి, అరచేతులు మొహం దగ్గర పెట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను. నరసమ్మ మామ్మ పోయి రెండేళ్ళవుతోంది. ఆవిడ చేతులు ఎప్పుడూ ఈ వాసనే వేసేవి.

హోటళ్ళ మెనూల కోసం వంటకాలకు ఫోటోలు తీయడం నా పని. అందులో సగం కెమెరాతో కాదు, గిన్నెల కోసం తిరగడంతోనే సరిపోతుంది. ఏ కూరకి ఏ గిన్నె, దాని కింద ఏ చెక్క, వెనక ఏ గుడ్డ అని. కొత్తలో తెల్లటి పింగాణీ పళ్ళేలు తెప్పించి వాటిలో గోంగూర పచ్చడి పెట్టి తీశాను. ఆసుపత్రి భోజనంలా ఉందని మా అన్నయ్య పగలబడి నవ్వాడు. ఆ ఉక్రోషంతోనే కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన ఉన్న పాత సామాన్ల కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. రేకుల షెడ్డులో గంగాళాలు, కంచు గిన్నెలు, విరిగిన తలుపు రెక్కల మధ్య పీట మీద కూర్చుని ఒక ముసలావిడ చెంబు తోముతోంది.

"ఏటి కావాలే గుంటా?" అంది తలెత్తకుండానే.

"ఫోటోలు తీయడానికి గిన్నెలు అద్దెకి కావాలి మామ్మా."

"ఏటొండుతావు అందల?"

"ఏదో ఒకటి..."

"ఏదో ఒకటేటి? సారుకొక గిన్ని, ఇగురుకొక గిన్ని. ఏటొండుతావో సెప్పు, అప్పుడిత్తాను."

అలా మొదలైంది నా చదువు. ఒకసారి ఆవిడ ఇచ్చిన ఇత్తడి గిన్నెను గంటసేపు తోమి అద్దంలా చేశాను. తీరా ఫోటో చూస్తే వంకాయ కూర పక్కన, గిన్నె పొట్ట మీద, వంకరగా నా మొహమే కనిపించింది. పట్టుకెళ్ళి చూపిస్తే పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కూర కంటే గిన్ని మెరిత్తే, సూసినోడు గిన్ని కొనుక్కుంతాడు గాని కూర తింతాడేటే?" అంది. ఇంకోసారి ఫోటోల కింద పరచడానికి నీలం రంగు వెలిసిన చెక్క కావాలంటే, కొట్టు మూసి నాతో పాటు చేపల రేవుకి వచ్చింది. పాత పడవలు విప్పిన చోట ఒక్కో చెక్కనూ వేలితో కొట్టి, వాసన చూసి, నాలుగింటిలో ఒకటి ఏరింది. నేను ముచ్చటపడ్డ చెక్కను మాత్రం అవతలకి నెట్టేసింది. "రంగు సూసి మురిసిపోకు. లోపల సివికిపోయింది" అంది.

ఆవిడతో ఒక్కటే పేచీ. తీసుకెళ్ళిన గిన్నె మొదటిసారి తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "ఉత్త గిన్ని ఇత్తన్నావేటే? మీ యమ్మ సెప్పనేదా?" అంది. చెప్పకేం, పక్కింటి గిన్నె వట్టిది ఇవ్వకూడదని, కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వాలని మా ఇంట్లోనూ ఉంది. అద్దె గిన్నెకి కూడా అది వర్తిస్తుందని నాకు తట్టలేదు. అప్పటి నుంచి రెండు అరటిపళ్ళో, గుప్పెడు బియ్యమో వేసి ఇచ్చేదాన్ని. "మరి అందల ఒండిన కూరేది?" అని అడిగితే అయిపోయిందని అబద్ధం చెప్పేదాన్ని. ఎలా పెట్టను? ఫోటో కూరలు సగమే ఉడుకుతాయి, లేకపోతే ముక్కలు చితికిపోతాయి. తడిగా మెరవడానికి పైన గ్లిజరిన్ రాస్తాం. పులుసు కుతకుతా ఉడుకుతున్నట్టు కనిపించాలంటే సబ్బు నురగ వేస్తాం.

నాకు దొరికిన మొదటి పెద్ద పని ఒక చేపల హోటల్ మెనూ. వంజరం పులుసు కోసం మామ్మ తన రాచ్చిప్ప ఇచ్చింది. రాతిని తొలిచి చేసిన పులుసు గిన్నె అది. కొట్టులో అదొక్కటే ఆవిడ సొంత వంటింటిది. ముక్కలు పైకి తేలినట్టు కనబడాలని అడుగున టీ కప్పు బోర్లించాను, గ్లిజరిన్ రాశాను, సబ్బు నురగ వేశాను. ఫోటో అదిరిపోయింది. మర్నాటి గిన్నెల కోసం హడావిడిగా బయల్దేరి, కొట్టు ముందున్న కుళాయి దగ్గర పారబోద్దామని పులుసుతోనే పట్టుకెళ్ళాను. నేను కుళాయి దాకా చేరకముందే మామ్మ ఎదురొచ్చి చేతిలోంచి అందుకుంది. మూత తీసింది.

"ఓలమ్మ, పులుసే! ఇన్నాల్లకి బుద్దొచ్చింది గుంటకి!"

ఆ మొహంలో సంతోషం చూశాక నిజం చెప్పలేకపోయాను. వస్తాను మామ్మా అని ఆటో ఎక్కేశాను. రుచి చూడగానే పారబోస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఊర్వశి జంక్షన్ దాటేసరికి, ఒకవేళ తినేస్తేనో అనిపించింది. ఆటో వెనక్కి తిప్పించాను.

వెళ్ళేసరికి అన్నంలో పులుసు కలిపి ముద్ద చేస్తోంది. కంచం లాగేశాను. మెతుకులు నేలంతా చిందాయి.

"తినకు మామ్మా! అందులో సబ్బుంది!"

ఆవిడ గరిటె తీసుకుని రాచ్చిప్పలో కలిపింది. టీ కప్పు బయటపడింది. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"కప్పొండేవేటే?" అంది మెల్లగా. తర్వాత, "నువ్వు రాపోతే నాను తినీసి, బాగుందని కూడా సెప్పీదాన్ని" అంది.

తిట్టినా బాగుండేది. రాచ్చిప్పను మూడుసార్లు కడిగి పై అరలో పెట్టేసింది. "ఇయ్యన్నీ ఎవులికో ఒకలికి కూడెట్టిన గిన్నిలు. ఇంక నువ్వు రాకు" అంది.

గిన్నెలు ఇంకెక్కడైనా దొరికేవి. ఆ మాటే భరించలేకపోయాను. మర్నాడు హోటల్ పని వాయిదా వేసి, పొద్దున్నే రేవులో చేప కొని, మా అమ్మ వండినట్టే పులుసు వండి, రైస్ కుక్కర్ గిన్నెలో పట్టుకెళ్ళాను. మామ్మ నా వైపు చూడలేదు. కొట్టు మెట్టు మీద కూర్చుని, ఆవిడకి కనబడేలా అన్నంలో కలుపుకుని నేనే తిన్నాను. నాలుగో ముద్దకి మామ్మ చెయ్యి చాపింది.

"ఉప్పెక్కువైంది" అంది. నాకు ఏడుపొచ్చింది. "రేపటికి సర్దుకుంతాదిలే. ఒక రోజుంచితే నూని పైకి తేల్తాది. అప్పుడు తియ్యి నీ పోటో. సబ్బెందుకే, సోద్యం కాపోతే?" అంటూ రాచ్చిప్ప కిందకి దించింది.

మర్నాడు నిజంగానే నూనె తేలి, ఎర్రగా నిగనిగలాడింది పులుసు. దానికీ ఫోటో తీశాను. హోటలాయన మాత్రం రెండూ చూసి సబ్బు ఫోటోనే బాగుందన్నాడు. మెనూలో అదే వేసుకున్నాడు. అదే నా ఆఖరి సబ్బు ఫోటో. ఆ తరువాత అలాంటి పనులు వస్తే వదులుకున్నాను, కొన్నిసార్లు పళ్ళు నూరుకుంటూనే.

మామ్మ నాతో మళ్ళీ మామూలుగానే ఉంది. అయితే నేనేం తెచ్చినా "ముందల నువ్వు తిను" అనేది. కొట్టుకొచ్చిన వాళ్ళందరి ముందూ అనేది. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని గానీ, ప్రతిసారీ గుండెలో ముల్లు గుచ్చుకునేది. ఆరేళ్ళు అలాగే గడిచాయి.

ఆఖరి రోజుల్లో ఆసుపత్రికి చారన్నం మెత్తగా పిసికి పట్టుకెళ్ళాను. అలవాటు కొద్దీ మొదటి చెంచా నా నోటి దగ్గర పెట్టుకోబోయాను. మామ్మ విసుక్కుంది.

"నువ్వెందుకే ముందల? నాకెట్టు."

పెట్టాను. ఏం వేశానని అడగలేదు. కళ్ళు మూసుకుని మింగి, ఇంకో ముద్ద కోసం మళ్ళీ నోరు తెరిచింది. నాకింత పేరు తెచ్చిన ఫోటోలు ఎన్నో ఉన్నాయి. ఆ నోరు తెరవడం కంటే పెద్ద మెప్పు నాకింతవరకు దొరకలేదు.