సుమ్నే గ్యాస్ అనే మా మామ

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసినప్పుడు మామ నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఆఫీసు. నా తలకి వీఆర్ హెడ్‌సెట్. అందులో ఆస్పత్రి గది, మంచం మీద మామ.

“మీ మామ పోయినాడు పాపా,” అంది అమ్మ.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేను మామనే చూస్తున్నాను. ఆయన నన్ను చూసి కళ్ళార్పుతున్నాడు.

హెడ్‌సెట్ తీయడానికి చేతులు రాలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మెడికల్ స్టూడెంట్స్ అసలు పేషెంట్ల దగ్గరికి వెళ్ళేముందు వర్చువల్ పేషెంట్ మీద ప్రాక్టీస్ చేసే సాఫ్ట్‌వేర్ మా టీమ్ తయారుచేస్తుంది. అందులో హార్ట్ ఎటాక్ పేషెంట్ మా వెంకటేశ్ మామ. అమ్మకి తమ్ముడు. పేటలో చీరల కొట్టు. ఆ మొహం, ఆ నడక, ఆ గొంతు అన్నీ ఆయనవే.

ముందు యాక్టర్లని పిలిచి చూశాం. అందరూ టీవీ సీరియల్లోలా ఛాతీ పట్టుకుని దబ్బున పడిపోయేవాళ్ళు. నిజం మనుషులు అలా పడరు, ఏమీ లేదని బుకాయిస్తారు అని మా టీమ్ డాక్టర్ ఒకటే గోల. అప్పుడు మామ గుర్తొచ్చాడు. ఏ నొప్పినైనా సోడాతో సరిపెట్టే మనిషి.

రికార్డింగ్ రోజున ఒంటికి అతుక్కుపోయే నల్ల సూట్ వేసి, దాని నిండా సెన్సార్లు తగిలించాం. మామ అద్దంలో చూసుకుని సిగ్గుపడిపోయాడు.

“దీని మీద పంచె కట్టుకుంటాను పాపా. ఆడపిల్లలు ఉండారు.”

పంచె కడితే సెన్సార్లు పనిచెయ్యవు. ఎంతో బతిమాలితే గానీ వినలేదు.

ఆ తర్వాత ఒక్క టేక్‌లో చెప్పేశాడు.

“ఎదలో పట్టేసినట్టు ఉండాది. సుమ్నే గ్యాస్ అప్పా. సోడా తాగితే పోతాది.”

సుమ్నే అంటే కన్నడంలో ఊరికే. ఊరికే గ్యాస్ అంటాడన్నమాట. స్టూడెంట్ ఆ మాట నమ్మకుండా వెంటనే ఈసీజీ తీయించాలి. నమ్మితే పేషెంట్ పోతాడు. రీస్టార్ట్ నొక్కితే మళ్ళీ లేచి కూర్చుంటాడు.

ఇప్పుడు మిక్స్‌డ్ రియాలిటీ వెర్షన్ చేస్తున్నాం. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న నిజం మంచం మీదే మామ కూర్చున్నట్టు కనిపిస్తాడు. డైలాగులన్నీ మళ్ళీ రికార్డ్ చెయ్యాలి. మామ ఇంట్లో రిహార్సల్స్ మొదలుపెట్టాడు.

మొదటిసారి పద్మత్త నిజమనుకుని కెవ్వుమంది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మామ పడీపడీ నవ్వాడట.

“నిన్నే నమ్మించినానంటే ఇంక డాక్టర్లెంత!”

రోజూ ఇదే తంతు అయ్యేసరికి అత్త తిరిగి చూడటం మానేసింది.

నిన్న పొద్దున అత్త వంటింట్లో అనపకాయలు ఒలుస్తోంది. వెనక హాల్లోంచి మామ గొంతు. ఎదలో పట్టేసినట్టు ఉండాది. సుమ్నే గ్యాస్.

“బాగానే చెప్తుండారులే,” అంది అత్త, తిరగకుండానే.

ఒలవడం అయ్యాక కాఫీ తీసుకుని వెళ్తే మామ పలకలేదు.



సాయంత్రం అన్నీ అయ్యాక అత్తే నన్ను గదిలోకి పిలిచి ఇదంతా చెప్పింది. కళ్ళల్లో ఒక్క చుక్క లేదు.

“మీ మిషన్లో మీ మామ ఇంకా ఉండారా?”

“ఉండాడత్తా.”

“ఆ మాటే చెప్తారా?”

“చెప్తాడు.”

“టైముకి చూస్తే బతుకుతారా?”

“బతుకుతాడు.”

“అట్లయితే నాకొకసారి పెట్టు పాపా. ఈసారి తిరిగి చూస్తాను.”



మామని మార్చేద్దామా అని ఆఫీసువాళ్ళు అడిగారు. వద్దన్నాను. గ్యాస్ అంటే నమ్మకూడదని ఆ పిల్లలు ఆయన దగ్గరే నేర్చుకోవాలి. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే మీరూ నమ్మకండి, ప్లీజ్.

కానీ నిజం చెప్తున్నాను, హెడ్‌సెట్‌లోని ఆ ఆస్పత్రి గదిలోకి మళ్ళీ వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది.

అత్తకి ఇంకా ఏ జవాబూ చెప్పలేదు. హెడ్‌సెట్ పెడితే ఆవిడ ఏం చేస్తుందో నాకు తెలుసు. ముందు మామ చెయ్యి పట్టుకోబోతుంది. ఆ చెయ్యి తన చేతికి తగలదు.

ఆ సంగతి ఆవిడకి ఎలా చెప్పను?

పోయిరా మామా. ఇంక ఎవరికీ ఏ నొప్పీ నటించి చూపించక్కర్లేదు, హాయిగా పడుకో. నీకు శాంతి, అత్తకి కాస్త నిద్ర దొరకాలని కోరుకుంటున్నాను.