వరసలోంచి కత్తిరించిన ఫోటో

ఫోటోలు తీసేవాళ్ళకి గర్వం ఎక్కువంటారు. నాకు మరీ ఎక్కువ. డుంబ్రిగుడ దగ్గర బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవొస్తే కెమెరా మెడలో వేసుకుని కొండలెక్కేదాన్ని. తీసినవన్నీ ఒక ఆన్‌లైన్ గ్యాలరీలో పెట్టేదాన్ని. ఎక్కడెక్కడి ఫోటోగ్రాఫర్లో తమ పనిని నలుగురికీ చూపించుకునే చోటది. రెండేళ్ళు పెట్టాను. నా ఫోటోలు చూసిన నాథుడు లేడు.

నిరుడు పక్క ఊరి పెళ్ళిలో థింసా ఆడుతున్న ఆడవాళ్ళను తీశాను. పద్నాలుగు మంది, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడుతున్నారు. మధ్యలో ఒక మామ్మ. ముక్కుకి మూడు పుడకలు, నోటినిండా నవ్వు. నా కన్ను ఆవిడ మీదే ఆగిపోయింది. ఇంటికొచ్చి అటు ఏడుగురినీ ఇటు ఆరుగురినీ కత్తిరించేసి, పక్కవాళ్ళ భుజాలు కూడా కనబడకుండా చెరిపేసి, మామ్మనొక్కదాన్నే గ్యాలరీకెక్కించాను.

నెల తిరక్కుండా గ్యాలరీవాళ్ళు దాన్ని మొదటి పేజీకి ఎంచుకున్నారు. వారం రోజులుంచుతారట. ఇక నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. మా హెడ్మాస్టరు గారికి రెండుసార్లు చూపించాను. రెండోసారి ఆయన టీ తాగి వస్తానని లేచి వెళ్ళిపోయారు.

మూడోరోజు సంతలో మామ్మ కనిపించింది, రాజ్మా గింజల గోనె ముందు కూర్చుని. పొంగిపోతుందని ఎదురెళితే మొహం తిప్పేసుకుంది. అనంతగిరి కాఫీ తోటల్లో పనిచేసే ఆవిడ చెల్లెలు ఎవరి ఫోన్లోనో ఆ ఫోటో చూసిందట. ఏం తప్పు చేశావు, ఊరివాళ్ళు నిన్ను వరసలోంచి ఎందుకు తోసేశారు అని కబురు మీద కబురు పంపుతోందట. వాళ్ళలో థింసా ఒక్కరే ఆడరు. ఒక్కర్తీ ఆడుతూ కనబడేసరికి, ఊరు వెలేసిందనే అనుకుంది చెల్లెలు.

"నానేటి తప్పు సేసినాను టీచరమ్మా?" అంది మామ్మ. "నా మీద సెయ్యేసినోళ్ళని ఏటి సేసినావు?"

కోపం నాకు ముక్కు మీదుంటుంది. కళ తెలియని మనుషులు అని గొణుక్కుంటూ ఇల్లు చేరాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, కత్తిరించిందే మంచి ఫోటో అని నాతో నేనే వాదించుకున్నాను. అన్నం కలిపి పక్కన పెట్టి, కత్తిరించని ఫోటో తెరిచి, మామ్మ నడుం వెనకున్న చేతులు చూశాను. అప్పుడు సిగ్గేసింది. దాని బదులు పద్నాలుగు మందీ ఉన్న ఫోటో పెట్టుకోవచ్చా అని గ్యాలరీవాళ్ళకి రాశాను. మారిస్తే మొదటి పేజీలోంచి తీసేస్తామని జవాబొచ్చింది. ఇంకా నాలుగు రోజులున్నాయి. రెండేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన వారమది. మార్చేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, దాచుకోవడం దేనికి.

ఆదివారం చర్చి అయ్యాక లాప్‌టాప్ పట్టుకుని వాళ్ళ ఊరెళ్ళాను. అరుగు మీద తెరవగానే పద్నాలుగు మందీ మీదపడ్డారు. ఎవరికి వాళ్ళు తమను వెతుక్కుని, పక్కదాన్ని వెక్కిరించుకున్నారు. ఒకామె అడుగు తప్పేసినట్టు ఫోటోలో దొరికిపోయింది, ఆమెను ఏడిపించి పొట్టలు పట్టుకుని నవ్వారు. మామ్మ మాత్రం తెర మీద వేలుపెట్టి ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక్కొక్కరినీ చూసుకుంది. చెల్లెలికి ఫోన్ చేయించి, "ఇంకోపాలి సూడే. అందరం ఉన్నాం" అంది. అవతల చెల్లెలు ఏమందో గానీ, పెళ్ళినాటి నవ్వు మళ్ళీ ఆవిడ మొహమంతా పరుచుకుంది.

గబుక్కున కెమెరా తీశాను. మామ్మ దాన్ని లాక్కుని గూట్లో పెట్టేసి, "బేగి రా" అని నన్ను వాకిట్లోకి ఈడ్చుకెళ్ళింది. నా నడుం వెనక అటొక చెయ్యి, ఇటొక చెయ్యి పడ్డాయి. డప్పు మొదలైంది. నా అడుగు ఒక్కటీ సరిగ్గా పడలేదు, అందరూ తిడుతూ నవ్వుతూ నన్ను లాక్కుపోయారు. నా జన్మలో అంత సంతోషపడింది లేదు. ఆనాటి ఫోటో మాత్రం నా గ్యాలరీలో లేదు. తియ్యడానికి మాలో ఎవరికీ చేతులు ఖాళీ లేవు.