డబ్బాలో ఉడుము పిల్ల

నిజాం పాలన నాటి మాట. నాకప్పుడు పదేళ్లు. ఎండాకాలం, అచ్చంపేట పోయే బస్సులో రేకు డబ్బా మూత తీసి చూస్తే, నేను పెంచుకుంటున్న ఉడుము పిల్ల నోరు తెరుచుకుని వాలిపోయి ఉంది. భయంతో చెంబెత్తి దాని నోట్లో నీళ్లు పోయబోయాను.

పక్కన కూర్చున్న చెంచు ముసలామె నా చెయ్యి పట్టుకుంది.

"నోట్ల పొయ్యకు బిడ్డా, ఊపిరాడదు. ఎండకు ఉడికింది."

ఆ నీళ్లతో తన కొంగు తడిపి, ఉడుము పిల్లను అందులో చుట్టి ఒడిలో పెట్టుకుంది. చాలాసేపటికి దాని డొక్కలు కదిలాయి. నాకు ఏడుపొచ్చింది.

"నీకు గూడ ఉడుమంటే పానమా అవ్వా?" అని అడిగాను.

"మేం తింటం బిడ్డా. గని గిట్ల డబ్బాల పెట్టి సతాయించం" అంది మెల్లగా.

ఉడుము బతికింది. ఆ తర్వాత నేను దేన్నీ పెంచలేదు.