నత్త ఆల్బమ్

మా బావను ఎవరైనా నత్త అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను అనొచ్చు. మరదలిని, నాకా హక్కుంది. ఊళ్ళోవాళ్ళకు లేదు, పత్రికలవాళ్ళకు అసలే లేదు.

మా అక్కను పెళ్ళి చేసుకునేనాటికి బావ ఒక పెద్ద రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. గాయకుడు ముందు నిలబడి జుట్టు ఎగరేస్తుంటే, బావ వెనక డ్రమ్ముల చాటున కనపడీ కనపడకుండా చెమటలు కక్కేవాడు. నాలుగు ఆల్బమ్‌లు వరసగా జనాన్ని ఊపేశాయి. బస్సెక్కినా అవే పాటలు, క్షవరానికి వెళ్ళినా అవే పాటలు. ఐదోదాని దగ్గరికొచ్చేసరికి గాయకుడి బుర్ర ఎండిపోయింది. కంపెనీవాళ్ళేమో నెత్తినెక్కి కూర్చున్నారు. అప్పుడు, నోట్లో నాలుక లేని మా బావ, "నా దగ్గర కొన్ని పాటలున్నాయి" అన్నాడట. అన్నీ ఆయనే రాసి, ఆయనే బాణీ కట్టినవి.

ఆ పాటలన్నీ నిదానం. మొదటి పాటైతే మరీను. నాలుగు దెబ్బలు పడాల్సినచోట మూడే పడతాయి. నాలుగోది రాదు. ఇక రాదులే అనుకున్నాక, తీరిగ్గా వస్తుంది. అంతదాకా గిటారు ఆగాలి, గాయకుడు ఆగాలి, వినేవాడు ఊపిరి బిగబట్టి ఆగాలి. ఎవరాగుతారు? "డ్రమ్మర్ కునుకు తీశాడా?" అని ఒక పత్రిక రాసింది. "నత్తకు నడుం పట్టేస్తే ఇలాగే ఉంటుంది" అని ఇంకో పత్రిక రాసింది. ఆ ముక్క అందరి నోళ్ళలోనూ పడి, దానికి నత్త ఆల్బమ్ అని పేరు స్థిరపడిపోయింది. గాయకుడు చేతులు దులిపేసుకున్నాడు. "అది బ్యాండు ఆల్బమ్ కాదండీ, మా డ్రమ్మర్ ముచ్చటపడితే చేశాం" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! అందులోని ఒక్క పాటను కూడా వేదిక మీద పాడనివ్వలేదు. ఏడాది తిరక్కుండా బ్యాండు విడిపోయింది, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

ఉన్నమాట చెప్పాలంటే నాకూ అప్పట్లో ఆ ఆల్బమ్ నచ్చలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు, మా బావకు ఇది ముద్దు, అనుకున్నాను.

అమ్ముడుపోని క్యాసెట్లను చెత్తలో పోస్తామని కంపెనీ అంటే, బావ వ్యాను కట్టించుకుని వెళ్ళి అట్టపెట్టెలన్నీ ఇంటికి తెచ్చాడు. "కాపురం ఎక్కడ చెయ్యమంటారండీ, వీటి మీదా?" అంది అక్క. అంటూనే పడకగదిలో మంచం కింద చోటు చేసింది. తర్వాత బావ ఒక పాత చిన్నకారు కొని డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. పైన ఎర్రబోర్డు, పక్క సీటు దగ్గర గురువుగారి కోసం ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్. కారులో పాటలంటే ఆ క్యాసెట్టే. ఇంకోటి పెట్టనిచ్చేవాడు కాదు.

నాకు కారు నేర్పింది ఆయనే. చదును రోడ్డు మీద బాగానే నడిపేదాన్ని. ఆసుపత్రి వెనక ఒక ఎత్తు ఉంది. దాని నడుమ కారాపి, మళ్ళీ ముందుకు కదిలించాలి. అక్కడ నా పప్పులుడకలేదు. క్లచ్ గబుక్కున వదిలితే ఇంజను ఆగిపోయేది. భయపడి నొక్కే ఉంచితే కారు వెనక్కి జారేది. వెనక అంబులెన్సు వాడు హారను మోత.

"బావా, ముందా పాట ఆపు! నాకు ఏడుపొస్తోంది."

"నువ్వాగు, పాటను ఆపకు. మూడు దెబ్బలు వినపడ్డాయా? మూడో దెబ్బకు క్లచ్ లేపడం మొదలుపెట్టు. తొందరపడకు. కారు వణుకుతుంది, వణకనీ. నాలుగో దెబ్బ పడ్డప్పుడు హ్యాండ్‌బ్రేకు వదులు."

ఒకటి, రెండు, మూడు. ఎడమ మడమ మెల్లగా లేచింది. దెబ్బ రాలేదు. కారు కిందనుంచి సన్నగా వణికింది. నేను ఆగాను. నా జన్మలో దేనికోసమూ అంత ఓపిగ్గా ఆగలేదు, ముక్కుమీద కోపం దాన్ని. అప్పుడు పడింది నాలుగో దెబ్బ. కారు ఒక్క అంగుళం వెనక్కి పోకుండా ముందుకు కదిలింది. "ఓర్నీ!" అన్నాను. బావ అద్దంలోకి చూస్తూ ముసిముసిగా నవ్వుకున్నాడు.

ఆరోజే ఇంటికెళ్ళి, మంచం కింద పెట్టెలోంచి ఒక క్యాసెట్ తీసి మొదటినుంచి చివరిదాకా విన్నాను. అప్పుడు తెలిసింది. మొదటి పాటలో ఒకడు ఒక తలుపు ముందు నిలబడి ఉంటాడు. కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేక ఆగుతాడు. మూడు దెబ్బలూ వాడి అడుగులు. రాని దెబ్బ గాలిలో ఆగిపోయిన చెయ్యి. వచ్చిన దెబ్బ తలుపు మీద పడ్డది. రెండో పాట తలుపు లోపలున్న మనిషి పాడుకునేది. ఇంత తేటగా ఉన్నదాన్ని పట్టుకుని కునుకంటారా, నడుం పట్టేయడమంటారా! ఒకడు కాకపోతే ఒకడైనా చెవులు పెట్టి వినాలా వద్దా? అప్పటినుంచి ఆ ఆల్బమ్ నాది కూడా అయింది.

తర్వాత నేనూ ఆ స్కూల్లోనే నేర్పేదాన్నయ్యాను. మంత్రసానులు, తపాలా బంట్రోతులు, బడిపంతుళ్ళు, బస్సు తోలదలుచుకున్నవాళ్ళు, మొగుడితో దెబ్బలాడి పంతంగా నేర్చుకోవడానికొచ్చిన ఇల్లాళ్ళు, అందరూ ఆ పాటలతోనే ఎత్తెక్కారు. లైసెన్సు వచ్చినరోజు ఒక క్యాసెట్ చేతిలో పెట్టి పంపేవాళ్ళం. ఏళ్ళు గడిచేకొద్దీ మంచం కింద పెట్టెలు ఖాళీ అయ్యాయి. నాకు మాత్రం ఒక్కటే బాధ. ఎవరైనా "మీ పాటలు బాగున్నాయి సార్" అంటే బావ తల అడ్డంగా ఊపి, "అవి పాటలు కావులెండి. కారు సామాను. జాకీ, స్టెప్నీ, క్యాసెట్" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని, లోకం అన్నమాటను ఆయన నమ్మేశాడని నాకు తెలుసు. ఒళ్ళు మండేది.

అలా ఉండగా పాత బ్యాండుకు మళ్ళీ గిరాకీ వచ్చింది. నాలుగు ఆల్బమ్‌లనూ ఒక అందమైన పెట్టెలో పెట్టి అమ్మారు. అవును, నాలుగే. బ్యాండు మళ్ళీ కలిసి ఊరూరా పాడాలనీ, మొదటి కచేరీ మా ఊళ్ళోనే అనీ చెప్పడానికి గాయకుడు మా ఇంటికొచ్చాడు. జుట్టుకు రంగేశాడు. అక్క టీ ఇచ్చింది. కచేరీలో ఏ పాటలో అన్నీ చెప్పి, "ఐదోదాని జోలికి మాత్రం వద్దురా" అన్నాడు.

బావ కప్పు కింద పెట్టాడు. "ఒక్క పాట. మొదటిది. అది లేకపోతే నేను రాను."

నేనూ అక్కా ముఖముఖాలు చూసుకున్నాం. ఆ మనిషి రెండోసారి కూర కావాలని కూడా నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు.

గాయకుడు నవ్వాడు. "జనం లేచిపోతారురా బాబూ. అది ఎవడికి గుర్తుంది?"

ఇక నేను ఆగలేకపోయాను. "ఏవండీ, మీ నాలుగు ఆల్బమ్‌లకూ డ్రమ్ములు ఎవరు వాయించారు? మీ జుట్టా?"

"నువ్వుండవే" అంది అక్క, నవ్వాపుకుంటూ.

గాయకుడి ముఖం ఎర్రబడింది. బావతో, "సరే, చివర్లో పెడదాం. జనం లేచి వెళ్ళిపోయారనుకో, మిగతా ఊళ్ళలో ఆ పాట ఊసెత్తకూడదు. సరేనా?" అన్నాడు.

"సరే" అన్నాడు బావ.

గాయకుడు వెళ్ళగానే నేను ఫోను అందుకున్నాను, మా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరినీ పిలిచేద్దామని. బావ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"ఒక్కరికీ చెప్పడానికి వీల్లేదు. పిలిచి చప్పట్లు కొట్టించుకుంటే నాకిక తేలేదేముంది? అది పాటో కాదో ఇన్నేళ్ళూ తెలుసుకోకుండా తప్పించుకు తిరిగాను. ఇప్పుడు తేలిపోవాలి."

"కాదని తేలితే?"

"కాదనే అనుకుంటాను. అదేమీ కొత్త కాదుగా."

అంత మాట ఆయన నోట విన్నాక నాకు తిండి సయించలేదు. అయినా నోరు కుట్టేసుకున్నాను. అది నాకెంత కష్టమో మా అక్కనడగండి.

కచేరీనాటి సాయంత్రం మైదానం కిక్కిరిసింది. పాత నాలుగు ఆల్బమ్‌ల కోసమే వచ్చారు అందరూ. గాయకుడి గొంతు ఇంకా గట్టిగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. జనం కుర్చీలెక్కి ఊగారు. ఇక ముగుస్తుందనగా అతను మైకు దగ్గరికొచ్చి, "ఇది మా డ్రమ్మర్ కోరిక. ఐదో ఆల్బమ్‌లోది. ఇల్లు దూరమున్నవాళ్ళు బయల్దేరొచ్చు" అన్నాడు. కొందరు నవ్వారు. అటూ ఇటూ కొందరు నిజంగానే లేచారు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

ఒకటి, రెండు, మూడు.

గాయకుడు ఆగలేక ముందే అందుకున్నాడు. ఒక్కడి గొంతు మైదానం మీద ఒంటరిగా పడి, తప్పు తెలిసి ఆగిపోయింది. అంతటా నిశ్శబ్దం. అయిపోయింది, బావ పరువు పోయింది, అనుకున్నాను. అప్పుడు చూశాను. నా ముందు వరసలో కూర్చున్న, మా దగ్గరే కారు నేర్చుకున్న పళ్ళ డాక్టరమ్మ ఎడమ మడమ మెల్లగా నేల మీదినుంచి లేస్తోంది. ఆమె పక్కన బస్సు డ్రైవరుదీ లేచింది. వాడి పక్కవాళ్ళదీ లేచింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. లేచి నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే ఆగిపోయారు. అంతమందీ ఆ రాని దెబ్బ కోసం ఆగారు.

బావ చెయ్యి దిగింది. నాలుగో దెబ్బ పడింది. దానితో పాటు మైదానమంతా ఒక్క గొంతుతో పాట ఎత్తుకుంది.

ఏం పాడారు, ఏం పాడారు! ఒక్క మాట తప్పలేదు. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళు పాడారు, వాళ్ళ వెనక సీట్లలో కూర్చుని పెరిగిన పిల్లలు పాడారు. పాట ముగిసింది, గాయకుడు దణ్ణం పెట్టాడు. చప్పట్లింకా ఆగనేలేదు, ఎక్కడో వెనకనుంచి రెండో పాట మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. మొదటి పాట అవగానే రెండోది రావాలి, క్యాసెట్టులో అంతే కదా! అక్కడ ఆపితే తలుపు తియ్యకుండానే వెళ్ళిపోయినట్టు. వేదిక మీదున్నవాళ్ళు బిత్తరపోయారు. ఆ పాట వాళ్ళు సాధన చెయ్యలేదు. బావ ఒక్కడే కర్రలెత్తాడు. ఆయన డ్రమ్ములు, మా ఊరి గొంతులు, అంతే. రెండోదయ్యాక మూడోది, మూడోదయ్యాక నాలుగోది. గాయకుడు వచ్చి డ్రమ్ముల పక్కన నిలబడి, బావ చేతుల వంకే చూస్తూ, జనం వెంట పాడాడు.

"నవ్విన నాపచేనే పండిందే!" అంది అక్క నా చెవిలో. నేను ఏడ్చాను. దాచుకోవడమెందుకు, వెక్కివెక్కి ఏడ్చాను.

అంతా అయ్యాక వేదిక వెనక మెట్ల మీద గాయకుడు బావ పక్కన కూలబడ్డాడు. "నాకు ఆగడం చేతకాలేదురా. అది ఒప్పుకోలేక తప్పు నీ మీదకు తోసేశాను" అన్నాడు. బావ అతని వీపు తట్టాడు. నేనైతే ఇంకో రెండు తగిలించేదాన్ని.

అతను వెళ్ళాక, "ఇప్పుడేమంటావు బావా?" అన్నాను గొప్పగా.

బావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సంతోషంగానే ఉంది. కానీ వాళ్ళంతా మనవాళ్ళే కదే. పాట నచ్చి కాదు, కారు గుర్తొచ్చి పాడారు."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంత జరిగాక కూడానా! కడిగిపారేద్దామని నోరు తెరిచాను. అంతలో కచేరీ కోసం వేరే ఊరినుంచి వచ్చిన మైకుల మనిషి, భుజాన వైర్ల చుట్టతో మా ముందుకొచ్చి నిలబడ్డాడు. నడివయసు మనిషి, అలిసిపోయి ఉన్నాడు.

"సార్, చివర్లో వాయించిన ఆ మొదటి పాట ఎక్కడ దొరుకుతుంది?"

బావ అతన్ని ఎగాదిగా చూశాడు. "మీకు డ్రైవింగ్ వచ్చా?"

"రాదు సార్. ఎందుకు?"

"ఎవరి దగ్గరా నేర్చుకోలేదా? ఈ ఊళ్ళో చుట్టాలెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్. ఈ ఊరు రావడమే ఇదే మొదటిసారి. ఎన్నో కచేరీలకు మైకులు పెట్టాను, ఏ పాటా సరిగ్గా వినను, పనిలో ఉంటాను. ఇవాళ మీరు ఆపినచోట నా చేతిలో పని ఆగిపోయింది. ఎవడో తలుపు ముందు నిలబడి కొట్టలేకపోతున్నాడనిపించింది. కొట్టరా బాబూ, కొట్టు, అనుకున్నాను. మళ్ళీ వినాలనుంది సార్."

బావ లేచి నిలబడ్డాడు. అతని రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. తర్వాత నావైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

"పాటేనే!" అని అరిచాడు మా బావ, మైదానం అవతలి గేటు దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూసేలా. "అది పాటేనే, మరదలా!"