నెట్టుడు నేర్పిన ముత్తెన్న బావ

మా ముత్తెన్న బావ దగ్గర ఫట్‌ఫటి నేర్చుకున్నవాడికి దాన్ని నడపడం వచ్చినా రాకపోయినా, నెట్టడం మాత్రం ఖాయంగా వచ్చేది. దారిలో చెరకు బండి కనిపిస్తే చాలు, "బంద్ జెయ్!" అని కేక పెట్టేవాడు. ఇంజన్ ఆపాలి, దిగాలి, ఆ ఎడ్లబండి మనల్ని దాటిపోయేదాకా మోటర్‌సైకిల్‌ని చేత్తో నెట్టుకుంటూ నడవాలి. ఒక్క బండి వస్తే ఫరవాలేదు. కానీ చెరకు కొట్టే రోజుల్లో బాన్సువాడ నుంచి రుద్రూర్ పోయే బాట మీద ఒక్క బండి ఎక్కడొస్తుంది? బారులు కట్టి వస్తాయి. ఆ బారు పొడుగునా నెట్టడమే. ఇప్పటికీ ఆ సంగతి చెప్పాలంటే ముందు ఎక్కడన్నా కూర్చుందామనిపిస్తుంది నాకు.

బావ అంటే మా ప్రేమలక్క మొగుడు. కాలువ కింద వరి, చెరకు పండించే ఇంటివాడు. ఇంట్లో చెప్పకుండా పల్టన్‌లో చేరి, ఈజిప్టు ఇసుకలో ఫట్‌ఫటి మీద టపా మోసి వచ్చాడు. యుద్ధం ముగిశాక మిలిట్రీ సామాన్ల వేలంలో ఒక పాత మోటర్‌సైకిల్ కొని, మీసం మెలేసి, ఊరి మధ్యలో నిలబడి క్లాసు పెట్టాడు. మామూలు క్లాసు కాదు. అప్పటికే నడపడం వచ్చినవాళ్ళనే చేర్చుకునేవాడు.

"ఉత్తగ నడుపుడు ఎవడన్న నేర్పుతడు. నాది పై క్లాసు" అనేవాడు.

ఫీజు లేదు. పైగా క్లాసు అయ్యాక అక్క చేతి జొన్నరొట్టె, వంకాయ కూర. ఈ తాలూకాలో ఫట్‌ఫటి ఉన్న ప్రతివాడి ఇంటికీ తానే వెళ్ళి, బతిమాలి, రెచ్చగొట్టి, వినకపోతే వాడి పెళ్ళాంతో చెప్పించి మరీ క్లాసులో వేసుకున్నాడు. దవాఖాన డాక్టరు గారు చేరారు. గుత్తేదారు వెంకట్రాములు చేరాడు. చివరికి నేనూ చేరాను.

నేను చేరడానికి కారణం నా మోకాళ్ళు. కాలువల దఫ్తర్లో ఉద్యోగం నాది. ఏ తూము దగ్గర నీళ్ళు ఎంత పోతున్నాయో చూసుకుంటూ సైకిల్ మీద కట్టల వెంట తిరగాలి. ఇంటికొచ్చేసరికి పిల్లలు పడుకునేవాళ్ళు, అన్నం చల్లారిపోయేది, నేను దానికంటే ముందే చల్లారిపోయి ఉండేవాణ్ణి. అటువంటప్పుడు మా దఫ్తరుకు ఒక మోటర్‌సైకిల్ వచ్చింది. సొంత ఫట్‌ఫటి ఉండి కూడా అప్పటిదాకా బావకు చిక్కని మా ఇంజనీరు సాబ్ నన్ను పిలిచి చెప్పాడు.

"రాజేశ్వర్, నన్ను వెనక కూర్చోబెట్టుకుని రుద్రూర్ పోయి, నా నాష్తా వేళకు తిరిగి తీసుకురా. తెస్తే బండి నీది. లేకపోతే దాన్ని బోధన్ దఫ్తరుకు పంపిస్తా."

వేడి అన్నం తిని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. బావ బండి మీద ఉత్త నడుపుడు వరకు నాకు ముందే వచ్చు కాబట్టి, పై క్లాసులో చేర్చుకొమ్మని ఆ సాయంత్రమే ఆయన కాళ్ళ మీద పడ్డంత పని చేశాను.

క్లాసు తెల్లవారుజామునే. ఎందుకంటే, "పొద్దుగాల గాలి ఇంజన్‌కు మంచిది" అనేవాడు బావ. మొదటి రోజు బాగానే మొదలైంది. తడి రేగడిలో బండి జారకుండా ఎట్లా తిప్పాలో, కాలువ కట్ట మీద ఇరుకులో ఎట్లా మళ్ళించాలో చూపించాడు. నిజం చెప్పాలి, ఆ విద్యలో ఆయన దొడ్డవాడే. నాకు ఉత్సాహం వచ్చింది. సరిగ్గా అప్పుడే బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలి తిరిగొస్తున్న ఖాళీ బండ్లు మలుపులో కనిపించాయి.

"బంద్ జెయ్!"

"ఎందుకు బావా? బాట వెడల్పుగనే ఉన్నది కద."

"బాట సంగతి కాదు బామ్మర్ది. బండ్లల్ల చెరకాకు ఉంటది. గా ఆకు నుసి గాల్లె లేస్తది. ఇంజన్ ముక్కుల పడ్డదనుకో, ఖతం."

"ఇంజన్‌కు ముక్కు ఉంటదా?"

"ముక్కు లేకుంట ఊపిరెట్ల తీస్తదిరా?" అని నన్ను జాలిగా చూశాడు.

దిగాను. నెట్టాను. మిలిట్రీవాళ్ళు ఆ బండిని ఏ ఇనుముతో చేశారో గాని, నెట్టేవాడి మీద వాళ్ళకు దయ లేదు. తల వంచుకుని, చెమట కళ్ళలోకి కారుతుంటే, నా కాలి ముందున్న మట్టి తప్ప నాకేమీ కనిపించలేదు. బావ మాత్రం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, "దగ్గొద్దు, ఊపిరి బిగబట్టు, నెట్టుట్ల గది ముఖ్యం" అని గొంతు తగ్గించి పాఠం చెప్పేవాడు. కేకంతా బండ్లు దూరంగా ఉన్నప్పుడే. దగ్గరకొస్తే గుసగుస.

ఇంకో రోజు ఎదురుగా వచ్చిన బండ్లలో ఆకు పోచ కూడా లేదు. ఉత్త గోనెసంచులు పరిచి ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బావా, గీ బండ్లల్ల ఆకు లేదు! దిగాల్సిన పని లేదు!"

బావ ఒక్క క్షణం ఆలోచించాడు.

"గోనె నార ఇంకా అన్యాయం. దిగు" అన్నాడు.

డాక్టరు గారు చదువుకున్నవారు కాబట్టి దీనికి ఉపాయం కనిపెట్టారు. దవాఖాన నుంచి పట్టీ గుడ్డ తెచ్చి, గాలి పోయే చోట ఇంజన్‌కు శుభ్రంగా కట్టు కట్టి వచ్చారు. "ఇంక నుసి పోదు, నేను దిగను" అని నవ్వారు. బావ ఆ కట్టును చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"డాక్టర్ సాబ్, నీ దవాఖాన్ల పేషెంట్లకు గూడ గిట్లనే ముక్కుకు కట్టు కడతవా?"

డాక్టరు గారు సిగ్గుపడి కట్టు విప్పేశారు. ఆ తరవాత ఆయనే మాకందరికీ ఇంజన్ శ్వాసకోశం గురించి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టారు. గుత్తేదారు వెంకట్రాములు అయితే ఒక మెట్టు పైకి వెళ్ళాడు. కొత్తగా ఫట్‌ఫటి కొన్న తన బావమరిదితో, "నీకు నడుపుడే వచ్చు, నెట్టుడు రాదు" అని గొప్పలు పోయేవాడు. పాపం ఆ కుర్రవాడు పౌరుషానికి పోయి మరునాడే క్లాసులో చేరాడు.

ఇంట్లో మా అక్క ఒక్కతే ఈ శాస్త్రాన్ని నమ్మేది కాదు.

"ఏమక్కా, బావ ఏడి?" అంటే, "ఏముంది, ఫట్‌ఫటిని నడిపిచ్చుకుంట వస్తుండు. గంత నడిచెటోనికి ఫట్‌ఫటి ఎందుకు, ఒక బర్రెను కొనుక్కుంటె పాలన్న ఇచ్చు" అనేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. నేను బావను వేడుకున్నాను.

"బావా, ఇయ్యాల ఒక్కరోజు నెట్టను. సాబ్ నాష్తా వేళకు తిరిగి రాకుంటె నా బతుకంత సైకిలే."

బావ మీసం కొస మెలితిప్పుతూ బాట వైపు చూశాడు. 

"నీ ఇష్టం బామ్మర్ది. నేను పక్కన ఉండను కద" అన్నాడు చివరికి.

సాబ్‌ను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు. కాలువ మీద మంచు. బండి హాయిగా పోతోంది. సాబ్ "షాబాష్" అన్నాడు కూడా. నాకు అప్పుడే ముక్కుకు వేడి అన్నం వాసన తగిలినట్లయింది. ఇంతలో మలుపు తిరిగాను. ఎదురుగా బారు. చివర కనిపించడం లేదు.

దిగకూడదని నిశ్చయించుకునే ఉన్నాను. కానీ అన్నాళ్ళ అలవాటు నా మాట వింటుందా? నా మనసు "పోనీయ్" అంటుండగానే నా చెయ్యి ఇంజన్ ఆపేసింది, నా కాలు నేలకు ఆనింది.

"క్యా హువా?" అన్నాడు సాబ్.

"దిగాలె సాబ్. తరువాత చెప్త."

సాబ్ దిగాడు. పెద్ద శరీరం, బిగుతు బూట్లు. నాలుగు అడుగులకే వెనకబడిపోయాడు. నేను బండి నెట్టుకుంటూ ముందుకు పోయాను. ఆ రోజు పక్కన బావ లేడు, చెవిలో పాఠం లేదు. అందుకని మొదటిసారి తల ఎత్తి, నన్ను దాటిపోతున్న బండ్లలోకి చూశాను.

అందరూ నిద్రపోతున్నారు.

ఆకు మీద, గోనెల మీద, తలకింద చెయ్యి పెట్టుకుని, నోరు తెరుచుకుని, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నారు. ఒకడైతే పగ్గం కాలి బొటనవేలికి చుట్టుకుని గురక పెడుతున్నాడు. ఎడ్లు తమంతట తామే, ఇంటి దారి పట్టి, ముందు బండిని చూసుకుంటూ మెల్లగా నడుస్తున్నాయి. చెరకు కొట్టి, మోసి, బోధన్ దాకా తోలి వచ్చిన మనుషులు. పక్కనే నిండా పారుతున్న కాలువ.

బారు చివరి బండి ఎడ్ల పక్కన తండా సోనాబాయి నడుస్తోంది. ఆ బండిలో ఆమె మొగుడు రూప్‌సింగ్ ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. ఆమె నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టింది.

"మెల్లగ పో సాబ్. ఇవి కొత్త ఎడ్లు. మోటర్ సప్పుడింటె బెదిరి కాలువల పడ్తయి. నువ్వు ముత్తెన్న పటేల్ క్లాసు సాబ్‌వేనా?"

"ఔ" అన్నాను.

"గందుకే దిగినవ్. పటేల్ మాకు మాటిచ్చిండు. 'ఈ తొవ్వల తిరిగే ఫట్‌ఫటోళ్ళనందర్ని ఒక్కొక్కన్ని నా క్లాసుల ఏసుకుంట, మీరు ఫికర్ లేకుంట పండుండ్రి' అన్నడు. ఇగ ఇప్పుడు అందరు దిగుతుండ్రు. మావోళ్ళకు బండి మీద పండుకునుడే నిద్ర, సాబ్. ఇంటికి పోంగనే మల్ల కొడవలి పట్టాలె."

అని ముందుకు నడిచింది. నేను బండిని పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, బావ మీద పట్టరానంత ప్రేమ వచ్చింది. ముక్కు లేదు, నుసి లేదు. డాక్టరునీ, గుత్తేదారునీ, నన్నూ ఒకే తాటికి కట్టి, వాళ్ళ నిద్ర కోసం ఇన్నాళ్ళు నెట్టించాడు మహానుభావుడు.

సాబ్ రొప్పుతూ వచ్చి చేరాడు. టోపీ చేతిలో ఉంది, మొహం ఎర్రగా ఉంది.

"ఇప్పుడు చెప్పు. ఎందుకు నడిపించావు నన్ను?"

నిజం చెబితే ఏమంటాడు? బండ్లవాళ్ళ నిద్ర కోసం నన్ను నడిపిస్తావా అంటాడు. బండి ఎట్లాగూ పోయినట్టే. రేపు ఇదే బాట మీద ఈయన హారను కొట్టుకుంటూ పోతాడు. అందుకని నేను నిటారుగా నిలబడి, బావ మొహం పెట్టి చెప్పాను.

"హుజూర్, ఇది పై క్లాసు విద్య. చెరకాకు నుసి ఇంజన్ ముక్కుల పడితె ఖతం."

సాబ్ నన్నూ, బండినీ, వెళ్ళిపోతున్న బారునూ చూశాడు. టోపీ పెట్టుకుని వెనక ఎక్కాడు. రుద్రూర్ పోయి వచ్చేసరికి ఆయన నాష్తా చల్లారిపోయింది.

ఆ సాయంత్రం సాబ్ నేరుగా మా అక్క ఇంటికి వచ్చాడు. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను.

"ముత్తెన్నా, నీ శిష్యుడు నాకు బండి ఎక్కించింది తక్కువ, నడిపించింది ఎక్కువ."

బావ తొణకలేదు. "బారు చివరిదాక నెట్టిండా సాబ్?"

"నెట్టాడు."

"నడుమ ఎక్కలేదు కద?"

"ఎక్కలేదు."

"అయితె ఫస్టు క్లాసుల పాసయిండు!"

సాబ్ గడ్డం గోక్కున్నాడు. "నేను ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను. ఇంజన్‌కు ముక్కు ఉందని నాకెవరూ చెప్పలేదు."

"మామూలు డ్రైవింగుల చెప్పరు సాబ్" అన్నాడు బావ, ఎంతో జాలిగా.

సాబ్ చాలాసేపు బావ మొహంలోకి చూసి, "బండి రాజేశ్వర్ దగ్గరే ఉండనీ. రేపు పొద్దున నేనూ క్లాసుకు వస్తున్నా" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆయన గుమ్మం దాటగానే నేను బావ చెయ్యి పట్టుకున్నాను. "సోనాబాయి చెప్పింది బావా. గదేదో మాకు ముందే చెప్పరాదా?"

బావ మొహం ఎర్రబడింది. మీసం సవరించుకున్నాడు. "పక్కోని నిద్ర కోసం దిగుమంటె ఎవడు దిగుతడు బామ్మర్ది? ఇంజన్ కోసమంటె గవర్నర్ గూడ దిగుతడు. నువ్వు డాక్టర్‌తోని మాత్రం అనకు, పాపం నొచ్చుకుంటడు."

మరునాడు తెల్లవారుజామున మలుపు దగ్గర "బంద్ జెయ్!" వినిపించింది. సాబ్ అందరికంటే ముందు దిగాడు. కోటు విప్పి భుజాన వేసుకుని తన బండి నెట్టసాగాడు. ఆయన వెనక నేను, దఫ్తరు వారు నాకిచ్చిన బరువు నెట్టుకుంటూ, మోకాళ్ళు తిట్టుకుంటూ నడుస్తున్నాను. చలిగాలికి నాకు దగ్గు వచ్చింది. గట్టిగానే దగ్గాను.

సాబ్ గిర్రున వెనక్కి తిరిగాడు. బండిలో పడుకున్న మనిషి వైపు ఒకసారి చూసి, నా వైపు కళ్ళెర్రజేసి, పెదవి మీద వేలు పెట్టాడు.