లైనమ్మ కలిపిన రెండు ఫోన్లు

ఫ్యాక్టరీ మేనేజరును సాయుధ దళం ఎత్తుకుపోయి రెండు రోజులైంది. ఆయన ధైర్యం గురించి పత్రికలు పేజీలు నింపుతున్నాయి. బతికున్నాడో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. తెలుసుకునే అవకాశం ఆ ఉదయమే వచ్చి చేజారింది. జారవిడిచింది టెలిఫోన్ ఆపరేటరు. ఇరవై రెండేళ్లుగా స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న ఆమెను ఆఫీసంతా లైనమ్మ అంటుంది.

"మీ మేనేజరు మా దగ్గరున్నాడు" అని వినపడగానే ఆమె వేలు తనంతట తానే మీట నొక్కేసింది. "ఒక్క నిమిషం, లైన్లో ఉండండి." ఎవరికైనా అదే మాట, అదే మీట. అవతలివాడికి సంగీతం వినిపించింది. కాసేపు విని పెట్టేశాడు.

"తుపాకీ పట్టుకున్నవాడికి పాట పెడతావా తల్లీ!" పోలీసు అధికారి తల పట్టుకున్నాడు.

"అలవాటు సార్. మీరు చేసినా అదే పాట."

మధ్యాహ్నం మళ్లీ మోగింది. గదిలో ఉన్న ముగ్గురు డైరెక్టర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి చెయ్యీ లేవలేదు. లైనమ్మే ఎత్తింది.

"మళ్లీ పాట వినిపించిందో, ఇదే ఆఖరి ఫోను."

"పెట్టను నాయనా. ముందు మా సార్ గొంతు వినిపించు."

"అడగడానికి నువ్వెవరు?"

"ఫోన్లు కలిపేదాన్ని. పెద్దవాళ్లు ముగ్గురున్నారు గానీ ఎవరికీ నోరు పెగలట్లేదు."

అవతల చిన్న నవ్వు. తర్వాత బొంగురు గొంతు: "లైనమ్మా, ఇంటికి కలుపు." వెంటనే మొదటివాడు: "ఒక్క నిమిషం. అంతే."

కలపాలంటే మీట నొక్కాలి. ఆ పాత బోర్డులో మీట నొక్కితే పదిసార్లలో ఒకసారి లైను తెగుతుందని ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అదీగాక, ఆ గొంతు సార్‌దో కాదో ఆమెకే అనుమానంగా ఉంది. నొక్కలేదు. తన సెల్‌ఫోన్‌లో మేనేజరు భార్యకు ఫోన్ చేసి, "అమ్మగారూ, లైన్లో ఎవరో చూడండి" అంది. సెల్‌ఫోన్‌ను తలకిందులుగా తిప్పి రిసీవరుకు ఆనించి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

అరచేతులు చెమటతో జారుతున్నాయి. కదిలితే ఇటు మాట అటు చేరదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిచేసింది. రిసీవరులో టక్కుమని చప్పుడు.

ఆమె సెల్‌ఫోన్ చెవిన పెట్టుకుంది.

"ఆయనేనమ్మా," భార్య వెక్కుతోంది. "ఏడిస్తే విసుక్కున్నారు. ఆయనే."

"సార్ బతికే ఉన్నారు" అంది లైనమ్మ గదిలోవాళ్లతో. అప్పుడు కూర్చుంది. అంతసేపూ నిలబడే ఉన్నానని ఆమెకు తెలియదు.