అత్తయ్య గుర్తుపట్టిన బండ

అమరావతి చూడాలన్న కోరిక మా అత్తయ్యది కాదు, నాది. అప్పట్లో నేను నందిగామలో బడిపంతుల్ని. తీరిక వేళల్లో ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. కృష్ణకు అవతలి ఒడ్డున అంత పేరున్న చోటు ఉంటే, ఇవతల ఇన్నేళ్ళుండి చూడలేదంటే నాకే నామోషీగా ఉండేది. అరవయ్యవ దశకం మొదట్లో ఒక క్రిస్మస్ సెలవుల్లో మా ఆవిడ, జగ్గయ్యపేట నుంచి వచ్చిన అత్తయ్య, నేను ఎద్దుబండి మీద రేవుకు చేరి పడవెక్కాం.

అత్తయ్యకు పడవ ప్రయాణం అదే మొదలు. అంచు గట్టిగా పట్టుకుని, నీళ్ళకేసి చూడకుండా కూర్చుంది.

"పడవాయన నాకంటే పెద్దోడల్లే ఉన్నాడు. మధ్యలో ఈయనకి కునుకు పడితే మన గతేంటి?" అంది.

"నువ్విట్టా మాట్లాడుతుంటే ఆయనకు నిద్దరెక్కడ పడుద్దిలే అమ్మా," అంది కూతురు. పడవాయన కూడా నవ్వాడు.

స్తూపం అంటే ఆకాశాన్నంటే కట్టడం ఏదో ఉంటుందని నేను ఊరించి తీసుకెళ్ళాను. అక్కడ ఉన్నది గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని నిలువు రాళ్ళు. అత్తయ్య దాని చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చి, "ఇట్టాంటి దిబ్బ మా ఊరి బయటా ఉందిగా బాబూ. దీనికోసమా ఏరు దాటించారు?" అంది. పరువు దక్కించుకోవడానికి వాళ్ళిద్దరినీ పక్కనే ఉన్న మ్యూజియంలోకి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకం ఉంది. అందులో నా పేరు, కింద 'విలేకరి, నందిగామ' అని గుండ్రంగా రాశాను. అత్తయ్య పేరు పక్కన జగ్గయ్యపేట అని కూడా నేనే రాశాను. అడిగిన దానికంటే ఎక్కువే రాశాను.

లోపల నాలుగో రాయో అయిదో రాయో దాటామో లేదో, అత్తయ్య ఆగిపోయింది. ఎదురుగా ఒక పలక మీద విచ్చుకున్న తామరపువ్వు చెక్కి ఉంది.

"ఇటు రావే! మీ నాన్న బండ!"

మా ఆవిడ ముఖం పాలిపోయింది. నాకు విషయం తట్టడానికి ఒక్క క్షణం పట్టింది.

మామగారు బతికినంత కాలం సున్నపు బట్టీలో రాయి కాల్చారు. బట్టీకి వచ్చే రాళ్ళలో ఊరి బయటి దిబ్బ నుంచి దొర్లించుకొచ్చినవి కూడా ఉండేవి. అవి ఎవరివో, ఏ కాలానివో అడిగినవారు లేరు. ఒకసారి పువ్వు చెక్కిన బండ వస్తే, కాల్చడానికి మనసొప్పక ఆయన ఇంటికి తెచ్చుకున్నారు. చెక్కడం కిందికి వేసి, నున్నటి వైపున ఏళ్ళ తరబడి బట్టలుతికారు. ఆయన పోయినప్పుడు ఆ బండనే సమాధి మీద పరిచారు. సిలువ గుర్తు, పేరు చెక్కడానికి చదునైన వైపు కావాలి కనుక పువ్వు మళ్ళీ కిందికే పోయింది. మావాళ్ళ సమాధుల్లో చాలా వాటికి అప్పుడు ఉన్నది మట్టిదిబ్బే. ఆయనకు మాత్రం బండ ఉందని అత్తయ్యకు గొప్ప.

"మెల్లగా అమ్మా," అంది మా ఆవిడ.

"మెల్లగా ఏంది? అచ్చం ఇదే. మనదానికైతే కింద బాతులు కూడా ఉన్నయ్, వరసగా."

ఆ మాటకు అవతలి మూలనున్న మ్యూజియం ఉద్యోగి చరచరా వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో పెన్సిలు. "బాతులా? మీరెక్కడ చూశారు అమ్మగారూ?"

"మా దొడ్లో."

"ఇప్పుడుందా?"

అత్తయ్య నోరు తెరిచి, కూతురి ముఖం చూసి ఆగింది. "లేదు," అంది.

"ఏమైంది?"

"తెలవదు. ఎప్పటి మాటో."

ఆయన నమ్మలేదు, గద్దించనూ లేదు. అలాంటి రాళ్ళు ఊళ్ళలో గుమ్మాల కిందా, పశువుల కొట్టాల్లోనూ పడి ఉంటున్నాయనీ, తెలిస్తే తామే వచ్చి తీసుకొస్తామనీ, ఇక్కడున్న వాటిలో కొన్ని అలా చేరినవేననీ ఉత్సాహంగా చెప్పాడు. గుమ్మం దాకా మాతో వచ్చి పుస్తకం తిప్పి చూశాడు.

"మీరు విలేకరా? ఇంకేం! కనుక్కుని నాకో కార్డు ముక్క రాయండి మాస్టారూ."

తిరుగు పడవలో అత్తయ్య అంచు పట్టుకోలేదు, నీళ్ళకేసే చూస్తూ కూర్చుంది. నడియేట్లో అడిగింది: "ఆ బండ మీ మామగారి మీదనుంచి లాక్కుపోతారా?"

"వాళ్ళకు తెలియదు కదండీ," అన్నాను.

"ఊరూ పేరూ రాసిచ్చారుగా. చదువుకున్నోరు, మీకెందుకండీ అంత ఉబలాటం?"

నేను కార్డు రాయలేదు. పత్రికకూ రాయలేదు. అంతకంటే చిన్న సంగతులకు నేను అరకాలమ్ నింపిన రోజులవి. సంక్రాంతి వెళ్ళింది, మిరపకోతలు మొదలయ్యాయి, మ్యూజియం ఆయన ఇక మరిచిపోయి ఉంటాడనుకున్నాం. ఒక శనివారం ఒంటిపూట బడి విడిచే వేళకు ఆయన బడి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"జగ్గయ్యపేట వెళ్తున్నా మాస్టారూ. మీరూ వస్తే అమ్మగారు భయపడరు."

ముందుగా కబురు చేసే దారి లేదు. రానంటే అనుమానం. బస్సులో ఆయన తామరరేకుల గురించి చెబుతూనే ఉన్నాడు, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఒక్క మాటా చెవికెక్కలేదు.

అత్తయ్య చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "మీరే వెంటబెట్టుకొచ్చారా?" అంది. ఆయన దొడ్లోకి వెళ్ళి, అక్కడున్న కొత్త బండ ముందు వంగి, అంచులు తడిమి చూశాడు. మామూలు నాపరాయి. పైకి లేచి, చేతులు దులుపుకున్నాడు. వెళ్ళిపోతాడు, గండం గడిచింది అనుకున్నాను.

"అది కాదులెండి. నాతో రండి," అంది అత్తయ్య.

నేను నిర్ఘాంతపోయాను. దారిలో ఆమె నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు బాబూ. నేను లేనప్పుడు చెబితే? నేను లేనప్పుడు వచ్చి తవ్వితే?"

సమాధుల దొడ్లో ఆయన చెప్పులు విప్పి, బండ మీది పేరు మొదట చదివాడు. వానలకు ఒక మూల మట్టి కోసుకుపోయి, అంచు బయటపడి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ సందులోకి చెయ్యి పోనిచ్చి, కళ్ళు మూసుకుని చాలాసేపు తడిమాడు. మోచేతి దాకా మట్టి అయింది.

"బాతులే," అన్నాడు చివరికి.

"తీస్తారా?"

ఆయన చెయ్యి మెల్లగా బయటికి తీశాడు. "నేను చూసింది పైకి రాయాలి అమ్మగారూ. రాయకపోతే నా పని నేను చెయ్యనట్టు. ఆ తర్వాత పెద్దవాళ్ళ ఇష్టం."

"రాయండి. మీ పని మీది. ఎత్తే రోజు మాత్రం నేనిక్కడుండాలి. గడ్డపార వేసి పొడిస్తే ఊరుకోను. మావాళ్ళ చేత మెల్లగా లేపిస్తా, ఆయన మీద మట్టి కదలకుండా."

"అలాగే అమ్మగారూ."

ఆయన ఏం రాశాడో, దాన్ని ఎవరు చదివారో నాకు తెలియదు. ఎవరూ రాలేదు. రాకపోవడంతో అత్తయ్య భయం తీరలేదు సరికదా, ఊరు కదలడమే మానేసింది. అంతకుముందు నెలకోసారైనా నందిగామ వచ్చి మాతో రెండు రోజులుండేది. పెనుగంచిప్రోలులో చెల్లెలు మంచాన పడిందని కబురొస్తే వెళ్ళలేదు, మనిషిని పంపించింది. "నేనటు పోయిన పూటే వాళ్ళు ఇటొస్తారు," అనేది.

కాబట్టి మేమే వెళ్ళేవాళ్ళం, తర్వాత పుట్టిన మా అబ్బాయిని కూడా తీసుకుని. తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య బస్టాండు దాకా మాతో నడిచి, మనవడికి కిటికీ పక్క సీటు చూసి, సంచి అందించేది. కండక్టరు ఒకసారి, "నువ్వు కూడా ఎక్కు మామ్మా, చోటుంది," అన్నాడు.

"నాకు పనుంది నాయనా," అని ఆమె బస్సు కదలకముందే వెనక్కి తిరిగింది.